చాలా ఏళ్ల తర్వాత పాపసంకీర్తనానికి వెళ్లాలంటే

నేను 11 ఏళ్లు పాపసంకీర్తనం చేయలేదు, అంటే కతోలిక గురువు (ఫాదర్) దగ్గర నా పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందలేదు. ఆదివారం పూజ మానలేదు. ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కడం మానలేదు. ఇంట్లో రాత్రి జపమాల కూడా మానలేదు. దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్ రొట్టె) వేళకు మాత్రం బెంచీలో వాళ్లంతా లేచి వరసలోకి వెళుతుంటే, మోకాళ్లు పక్కకు తిప్పి దారిచ్చి కూర్చునేదాన్ని. పక్కనావిడ "రావట్లేదా?" అన్నట్టు చూస్తే పాటల పుస్తకం తిరగేసేదాన్ని.

అలా దారిచ్చి కూర్చునేవాళ్లు ప్రతి విచారణలోనూ (ఒక గుడి పరిధిలోని సంఘంలో) ఉంటారు. ఇది వాళ్లకోసం రాస్తున్నాను. భయం తగ్గాక వెళదామని నేను అనుకున్నాను. అన్నేళ్లు పట్టింది అందుకే. భయం అలా ఉండగానే ఎలా వెళ్లాలో చెబుతాను.

ముందు ఎవరి దగ్గరికో తేల్చుకోండి

సొంత విచారణ గురువుల దగ్గరే చేయాలన్న నియమం ఏదీ లేదు. పాపసంకీర్తనం వినే అధికారం ఉన్న ఏ కతోలిక గురువు దగ్గరికైనా వెళ్లొచ్చు. మా ఫాదర్‌గారు మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశారు, మా పాపకు జ్ఞానస్నానం ఇచ్చారు. ఆయన ముందు నాకు నోరు పెగలదని తెలుసు. అందుకే హైదరాబాద్‌లోనే రెండు బస్సులు మారి, నన్నెవరూ ఎరగని గుడికి వెళ్లాను. ఇది తప్పించుకోవడమేమో అని చాలా మథనపడ్డాను కానీ, కాదు. మీ నోరు ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడికే వెళ్లండి.

ఊరు చిన్నదై ఇంకో గుడి దగ్గర్లో లేకపోతే తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) దాకా ఆగండి. విచారణల్లో వడకాలు (ధ్యాన కూటాలు) పెట్టినప్పుడు బయటి గురువులు వస్తారు. గుణదల మాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. ఆ రోజుల్లో పాపసంకీర్తనాలు వినడానికి చాలామంది గురువులు కూర్చుంటారు. మీ వెనక నిలబడ్డ మనిషిది ఏ ఊరో మీకు తెలియదు, మీదే ఊరో ఆ మనిషికి తెలియదు. తమిళనాడులోని వేళాంగణి యాత్రకు వెళ్లేవాళ్లు అక్కడ తెలుగు వచ్చిన ఫాదర్ ఎవరైనా ఉన్నారా అని ముందే అడిగి చూసుకోండి.

మామూలు రోజుల్లో అయితే పూజకు అరగంట ముందు వెళ్లడం మంచిది. గంట కొట్టాక, ఫాదర్‌గారు పూజావస్త్రాలు వేసుకుంటుండగా వెళ్లి అడిగితే ఆయనకూ తొందర, మీకూ తొందర. చెప్పాల్సింది పెద్దదైతే వారంలో ఒక రోజు ఫాదర్‌గారు ఉండే బంగళాకు వెళ్లి, "ఫాదర్, పాపసంకీర్తనం చేసుకోవాలి, ఎప్పుడు రమ్మంటారు?" అని అడగండి. అంతే చాలు. ఎందుకని ఎవరూ అడగరు. ఫోన్లో, వాట్సాప్‌లో మాత్రం కుదరదు. మనిషి ఎదుట మనిషి ఉండాలి.

గుళ్లో పెళ్లి చేసుకోకుండా కాపురం చేస్తున్నవాళ్లు, విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు నేరుగా వరసలో నిలబడొద్దు. ముందు ఫాదర్‌గారితో విడిగా కూర్చుని సంగతంతా మాట్లాడండి. కొన్ని ముళ్లు పాపసంకీర్తనం వినే ఆ పెట్టెలో అయిదు నిమిషాల్లో విడిపోయేవి కావు. అంతమాత్రాన దారి లేదని కాదు.

"ఎవరికైనా చెప్పేస్తేనో?"

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపింది ఈ ప్రశ్నే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. పాపసంకీర్తనంలో విన్నదాన్ని గురువు మాటతో గానీ, సైగతో గానీ, ఇంకే విధంగా గానీ బయటపెట్టకూడదు. శ్రీసభ చట్టంలో అది 983వ నిబంధన. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే వెలి అవుతాడు, ఆ వెలి ఎత్తేసే అధికారం రోములోని పాపుగారి (పోపు) పీఠానిది. మర్నాడు ఆయన మీ ఇంటికి భోజనానికి వచ్చినా, మీరు ఎత్తితే తప్ప ఆ సంగతి మీ దగ్గర కూడా ఎత్తకూడదు. 1393లో ప్రాగ్ నగరంలో నెపోముక్ యోహాను గారు అనే గురువును నదిలోకి తోసి చంపారు. రాణి పాపసంకీర్తనంలో చెప్పింది రాజుకు చెప్పనన్నందుకేనని అక్కడి విశ్వాసులు తరతరాలుగా చెప్పుకుంటారు.

ఇది మనకూ వర్తిస్తుంది. వరసలో ముందు నిలబడి, లోపలివాళ్ల మాట పొరపాటున చెవిన పడితే మనమూ ఎవరితోనూ అనకూడదు. అందుకే పెట్టెకు బాగా ఎడంగా నిలబడండి.

ముందు రోజు రాత్రి

పిల్లలు పడుకున్నాక ఒక కాగితం, ఒక పెన్ను తీసుకోండి. ఫోన్లో రాసుకోవద్దు, ఆ ఫోను ఎవరి చేతిలోకైనా వెళ్లొచ్చు. నేను గ్యాస్ బిల్లు వెనక రాసుకున్నాను. ముందు పవిత్రాత్మను తలుచుకుని ఒక చిన్న ప్రార్థన చేసుకోండి. తర్వాత దేవుని పది ఆజ్ఞలూ ఒక్కొక్కటే చదువుతూ, ఒక్కో దాని దగ్గర రెండు నిమిషాలు ఆగండి.

"నేను ఎవర్నీ చంపలేదు, దొంగతనం చేయలేదు" అనుకుంటూ ఆజ్ఞలు దాటేసేవాళ్లం మనలో ఎక్కువ. మన ఇళ్లలోకి వచ్చి చూస్తే తెలుస్తుంది. మొదటి ఆజ్ఞ కింద, బయటికి చెప్పకుండా జాతకం చూపించుకున్నది ఉంటుంది. ఏడో ఆజ్ఞ కింద, ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం పదో తారీఖు దాకా ఆపింది, తమ్ముడి వాటా పొలం గట్టు జరిపింది, తీసుకున్న కట్నం ఉంటాయి. ఎనిమిదో ఆజ్ఞ కింద, పక్కింటి అమ్మాయి గురించి వాట్సాప్‌లో పంపిన మాట ఉంటుంది. కులం సంగతి ఏ ఆజ్ఞ కింద రాయాలో తెలియక వదిలేయకండి. అన్నిటికంటే పైన రాయండి. పెద్ద కులంవాళ్లు ముందు, మిగతావాళ్లు వెనక కూర్చున్న గుడిని మా అమ్మమ్మ చూసింది. ఇప్పుడు బెంచీలు కలిశాయి గానీ సంబంధాలు కలవలేదు. ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం తీసుకుని, బయటికొచ్చి "వాళ్లేమిట్లు?" అని అడుగుతున్నాం. అది పాపమని నేను గట్టిగా నమ్ముతాను.

చేసినవి రాశాక, చేయకుండా వదిలేసినవి కూడా రాయండి. ఆసుపత్రిలో ఉన్న చిన్నాన్నను చూడ్డానికి వెళ్లకపోవడం లాంటివి.

ఏది చావైన పాపం, ఏది స్వల్ప పాపం అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. విషయం పెద్దదై ఉండాలి, అది తప్పని మనకు తెలిసి ఉండాలి, తెలిసీ మన ఇష్టంతోనే చేసి ఉండాలి. మూడూ కలిస్తే చావైన పాపం. అలాంటివి తప్పకుండా చెప్పాలి, ఎన్నిసార్లు చేశామో కూడా చెప్పాలి. లెక్క సరిగ్గా తెలియకపోతే "నాలుగేళ్లుగా, నెలకోసారి" అన్నా సరిపోతుంది. అలాంటి పాపాలుంటే ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలన్న కట్టడ 1215లో లాతరాన్ మహాసభ నుంచీ ఉంది.

గర్భస్రావం సంగతి మోస్తున్న ఆడవాళ్లు, వాళ్లతో చేయించినవాళ్లు నాకు తెలిసి ఎందరో ఉన్నారు. పీఠాధిపతి (బిషప్) దగ్గరికి పోతే తప్ప అది తీరదని ఎవరో చెప్పారని ఏళ్ల తరబడి ఆగిపోయారు. 2016లో ఫ్రాన్సిస్ పాపుగారు ఆ పాపాన్ని క్షమించే అధికారం గురువులందరికీ ఇచ్చారు. మీ విచారణ గురువు దగ్గరే చెప్పుకోవచ్చు.

చీటీ పట్టుకెళ్లడానికి సిగ్గుపడకండి. తొమ్మిదేళ్లప్పుడు మొదటి పాపసంకీర్తనానికి సిస్టర్‌గారు మా అందరితో చీటీలు రాయించారు. "అబద్ధం 4 సార్లు, తమ్ముణ్ని కొట్టడం 10 సార్లు" అని రాసుకుని గుప్పిట్లో పట్టుకున్నాను. నా వంతు వచ్చేసరికి చెమటకు ఇంకు కరిగి అరచెయ్యంతా నీలం. ఒక్క అక్షరం కనిపించలేదు. ఏడుపు గొంతుతో ఆ మాటే చెబితే, జాలీ అవతల నుంచి ఫాదర్‌గారు, "గుర్తున్నంతవరకు చెప్పు నాన్నా, మిగతాది ఆయనకు తెలుసులే" అన్నారు. ఇప్పటికీ నియమం అదే. నిజంగా మర్చిపోయినవి కూడా క్షమించబడతాయి. తర్వాత గుర్తొస్తే, అవి పెద్దవైతే, ఈసారి వెళ్లినప్పుడు చెబితే చాలు. పెద్ద పాపాన్ని కావాలని దాచిపెడితే మాత్రం ఆ పాపసంకీర్తనం చెల్లదు.

నేను దాచాను. అక్కడే నా 11 ఏళ్లు మొదలయ్యాయి.

గొంతులో అడ్డుపడుతున్నది ముందు చెప్పేయండి

మా అమ్మను ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు నర్సమ్మ అమ్మ చెవి కమ్మలు తీసి, కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. అమ్మ తిరిగి రాలేదు. దినం అయ్యాక అక్క కమ్మల గురించి అడిగితే, "ఆసుపత్రిలోనే పోయాయి" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. అమ్మ వస్తువు ఒక్కటైనా నా దగ్గరే ఉండాలనుకున్నాను. మూడు నెలల తర్వాత క్రిస్మస్‌కు పాపసంకీర్తనానికి వెళ్లాను. కోపం చెప్పాను, సీరియళ్లు చెప్పాను, జపమాల మధ్యలో నిద్రపోయింది చెప్పాను. చివర్లో కమ్మల సంగతి చెబుదామనుకున్నాను. చివరికి వచ్చేసరికి ఫాదర్‌గారు "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు. "లేదు ఫాదర్" అన్నాను. ఆ రోజు సత్ప్రసాదం తీసుకున్నాను, మింగుడు పడలేదు. ఆ తర్వాత మళ్లీ వరసలో నిలబడలేదు.

అందుకే ఈ ఒక్కటి పట్టుబట్టి చెబుతున్నాను. ఏది చెప్పాలంటే గొంతు పూడుకుపోతుందో అదే మొట్టమొదట చెప్పండి. చిన్నవి ముందు చెబుతూ ధైర్యం తెచ్చుకుందామంటే రాదు. చిన్నవాటితోనే గొంతు అలిసిపోతుంది. పెద్దది బయటపడితే మిగతావి వాటంతటవే వస్తాయి. చీటీలో కూడా దాన్నే మొదటి అంకె వేసి రాయండి.

లోపల

జాలీ పక్కన మోకరించవచ్చు, కొన్నిచోట్ల ఎదురుగా కుర్చీలో కూర్చోవచ్చు. ఏది కావాలో మీ ఇష్టం. ముఖం కనిపించకూడదనుకుంటే జాలీ అడగడం మీ హక్కు. సిలువ గుర్తు వేసుకుని, "ఫాదర్, నన్ను ఆశీర్వదించండి, నేను పాపిని. చివరిసారి పాపసంకీర్తనం చేసి ఇన్నాళ్లయింది" అనండి. ఎన్నేళ్లయినా దాచకుండా చెప్పండి. ఆయన మీకు తగ్గట్టు మాట్లాడటానికి అది పనికొస్తుంది. వరస మర్చిపోతే అదే చెప్పండి. "11 ఏళ్లయింది ఫాదర్, ఎలా చేయాలో కూడా మర్చిపోయాను" అన్నాను నేను. "పర్వాలేదమ్మా, నేను చెబుతానుగా" అన్నారాయన. ఆయన మాటలో మలయాళం యాస ఉంది. అదెందుకో నాకు ధైర్యమిచ్చింది.

మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెప్పండి. "దొంగిలితిని" అనక్కర్లేదు, "దొంగతనం చేశాను" చాలు. కథ చెప్పొద్దు. మా ఆడపడుచు అలా అనబట్టి, మా ఆయన ఇంటికి ఆలస్యంగా రాబట్టి, అని మొదలుపెడితే మనం వాళ్ల పాపాలు చెబుతున్నట్టు. అవతలివాళ్ల పేర్లు అసలే వద్దు. "అమ్మ కమ్మలు నా దగ్గర పెట్టుకుని పోయాయని అక్కకు అబద్ధం చెప్పాను. పోయిన పాపసంకీర్తనంలో కావాలని దాచాను" అన్నాను. రెండే వాక్యాలు. అప్పటి నుంచి చేసినవన్నీ ఆ తర్వాత చెప్పాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అవి ఇప్పుడెక్కడున్నాయమ్మా?" అన్నారు.

"బీరువాలో."

"అక్క ఎక్కడుంటారు?"

"నరసరావుపేటలో ఫాదర్."

"బస్సుంది కదా" అన్నారు. అంతే. ఉపన్యాసం ఏమీ లేదు. ప్రాయశ్చిత్తంగా జపమాలలో ఒక పదిపూస చెప్పమన్నారు, పునరుత్థాన పండుగ (ఈస్టర్) లోపల కమ్మలు ఇచ్చి రమ్మన్నారు.

అప్పుడు ఉత్తమ మనస్తాప జపం చెప్పాలి. రాకపోతే సొంత మాటల్లో, చేసినందుకు బాధపడుతున్నానని, మళ్లీ చేయకుండా దేవుని కృపతో ప్రయత్నిస్తానని చెప్పండి. ఆ తర్వాత గురువు చెయ్యి చాపి పాపక్షమాపణ పలుకుతారు. అప్పుడు మీ జపం ఆపి వినండి. జాలీ సందుల్లోంచి ఆయన చెయ్యి లేవడం, తెల్ల అంగీ కఫ్ మణికట్టు మీదికి జారడం, మెడలో వేసుకునే ఊదారంగు స్టోలు అంచు కదలడం కనిపించాయి. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అన్నప్పుడు సిలువ గుర్తు వేసుకుని "ఆమెన్" అంటే సరిపోతుంది.

ఏడుపొస్తే ఏడవండి. రాకపోయినా లోటేమీ లేదు. నాకు ఆ రోజు కన్నీళ్లు రాలేదు, బాగా ఆకలేసింది.

ఫాదర్‌గారు కసిరితే

ఇదీ జరుగుతుంది, దాచి లాభం లేదు. నా 19వ ఏట ఒక గుళ్లో ఒక గురువు నా మాటకు గట్టిగా అరిచారు. వెనక వరసంతా విన్నది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఎవరో పెద్దావిడ నీళ్ల సీసా చేతిలో పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. అలాంటప్పుడు "ఫాదర్, కాస్త నెమ్మదిగా మాట్లాడండి, బయటికి వినిపిస్తోంది" అని అనొచ్చు. అది మర్యాద తప్పడం కాదు. ఆయన పాపక్షమాపణ పలికితే ఆయన కోపం దాన్ని చెడగొట్టలేదు, మీ పాపాలు పోయినట్టే. ఈసారి ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. ఒక్కరు కసిరారని మొత్తంగా మానేసినవాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు. వాళ్ల కోసం నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రాయశ్చిత్తం

చెప్పిన జపాలు గుడి దాటకముందే ముగించుకోండి. ఇంటికెళ్లి చేద్దామంటే పొయ్యి దగ్గరే మర్చిపోతాం. ఇచ్చింది మీవల్ల కాదనిపిస్తే అక్కడే చెప్పండి, మారుస్తారు. కొండకు నడిచి వెళ్లమన్నప్పుడు మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఊరికే తలూపి వచ్చేయకండి.

తీసుకున్నది తిరిగివ్వాల్సి వస్తే వాయిదా వేయకండి. నేను మట్టల ఆదివారం (ఈస్టర్ ముందు ఆదివారం) మర్నాడు వెళ్లాను. కమ్మలు కర్చీఫులో ముడేసి, దాన్ని రవికెలో దోపుకున్నాను, బస్సులో దారంతా చెయ్యి దాని మీదే. అక్క వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. ముడి విప్పి ముందు పెట్టి, "పోలేదక్కా, నేనే దాచాను" అన్నాను. బస్సులో అనుకున్న మాటల్లో ఇంకేవీ రాలేదు. అక్క వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎర్ర రాళ్ల సందుల్లో నల్లగా మట్టి పట్టింది. లేచి వెళ్లి కుంకుడుకాయలు నానబోసింది. సాయంత్రం దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దీపాల వేళ పాత బ్రష్షుతో ఆ రసంలో కమ్మలు తోముతూ, "అన్నం తిన్నావా?" అంది.

ఇచ్చిన వెంటనే అంతా చక్కబడుతుందని నేను చెప్పలేను. మా మధ్య మాటలు మామూలు కావడానికి ఇంకో ఏడాది పట్టింది. కొందరి విషయంలో నేరుగా వెళితే గొడవలు, కేసులు అవుతాయి. అలాంటప్పుడు పేరు తెలియకుండా ఎలా తిరిగివ్వాలో ఫాదర్‌గారినే అడగండి, దారి చెబుతారు.

మరికొన్ని

గురువు అందని పరిస్థితి వస్తే, 2020 మార్చిలో లాక్‌డౌన్ సమయంలో ఫ్రాన్సిస్ పాపుగారు చెప్పింది గుర్తుపెట్టుకోండి. దేవునితోనే నేరుగా మాట్లాడి, ఆయన మీద ప్రేమతో నిండు మనసుతో పశ్చాత్తాపపడి, వీలైన వెంటనే పాపసంకీర్తనం చేస్తానని మాటివ్వండి. ఆ జపానికి "ఉత్తమ మనస్తాపం" అన్న పేరు అందుకే. మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే మాత్రం ఆఖరి గడియ దాకా ఆగకండి. స్పృహ ఉండగానే ఫాదర్‌గారికి కబురు పెట్టండి, ఇంటికొచ్చి పాపసంకీర్తనం విని, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (పవిత్ర తైలం పూసి చేసే ప్రార్థన) ఇస్తారు.

పిల్లలు మొదటిసారి చేసి వచ్చాక "ఏం చెప్పావు?" అని అడగొద్దు. సరదాకి కూడా వద్దు. "ఫాదర్ ఏమన్నారు?" అనీ అడగొద్దు. మా పాప బయటికొచ్చి, "అమ్మా, చెరుకు రసం కొనిపెడతావా?" అంది. కొనిపెట్టాను.

క్షమించబడినవాటిని ప్రతిసారీ మళ్లీ మళ్లీ చెప్పొద్దు. అవి అయిపోయాయి. నెలకోసారి, మొదటి శుక్రవారానికి అలవాటు చేసుకుంటే చీటీ చిన్నదవుతుంది.

ఆ చీటీని బెంచీ మీదా, పాటల పుస్తకంలోనూ మర్చిపోకండి. నాది ఇంటికి తెచ్చి పొయ్యి మీద కాల్చాను. గ్యాస్ బిల్లు కాగితం మందంగా ఉండి సగం దాకా కాలి ఆరిపోయింది. ఇంకో అగ్గిపుల్ల గీయాల్సి వచ్చింది.